దూరాన ఉన్న కుటుంబాల వీడియో కాల్ యాప్‌కి యూజబిలిటీ టెస్ట్: హైదరాబాద్‌లో ఎలా పెట్టాలి?

మల్లెతీగ_మాదాపూర్

అందరికీ నమస్కారం. మా టీమ్ చేస్తున్న వీడియో కాల్ యాప్ బీటాకి వచ్చింది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఉన్నాయి. ఒక చివర హైదరాబాద్‌లో ఉండే అమ్మమ్మా తాతయ్యలు, రెండో చివర అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలూ మనవలూ. వాళ్లకు దీన్ని వాడటం ఎంత సులువో చూసే టెస్ట్‌కి ఇప్పటికి అనుకున్నది ఇదీ: మాదాపూర్ ఆఫీసుకి పెద్దవాళ్లను ఒక్కొక్కరిగా పిలవడం, గంట సెషన్, పక్క సీటులోంచి టీమ్ మనిషే కొడుకులా కాల్ చేయడం, పది టాస్కులు, చివర ఎస్‌యూఎస్ (యాప్ ఎంత సులువో మార్కులిచ్చే) ప్రశ్నాపత్రం. ఐదుగురు చాలంటారు కాబట్టి ఐదుగురే. ఫోన్‌లోని స్క్రీన్ రికార్డర్‌తో రికార్డింగ్. ఇందులో ఏవి నిలబడవో ముందే చెప్పండి.

గాజుతెర

మొదట నిలబడనిది ఆ ఉత్తుత్తి కొడుకే అండీ. టీమ్ మనిషికి యాప్ అంతా కంఠతా వచ్చు, ఓపిక ఉంటుంది, మంచి వైఫై ఉంటుంది. అసలు కొడుకు ఆఫీసుకి బయల్దేరుతూ ఒక చేత్తో టిఫిన్ తింటూ "అమ్మా, కింద నొక్కు, అది కాదు, దాని పక్కది" అంటాడు. ఈ యాప్‌ల సమస్యల్లో పెద్దవన్నీ ఆ మాటలోనే బయటపడతాయి. ఆవిడ తెర మీద ఏముందో అతనికి కనబడదు. అతని ఐఫోన్‌లో మ్యూట్ ఎడమ చివర ఉండి, ఆవిడ ఆండ్రాయిడ్‌లో కుడి చివర ఉంటే అతను చెప్పే ప్రతి సూచనా ఆవిడను తప్పు బటన్ దగ్గరికే తీసుకెళ్తుంది. రెండు వెర్షన్లలో బటన్ల వరస, రంగు, ఆకారం ఒకటేనా, వాటిని నోటితో చెప్పగలమా అన్నది ఒక్క చివర కూర్చుని చూస్తే ఎప్పటికీ తేలదు.

అందుకని ఇక్కడ లెక్కపెట్టాల్సింది మనుషుల్ని కాదు, కుటుంబాల్ని. ఇద్దరు మోడరేటర్లు (సెషన్ నడిపేవాళ్లు) కావాలి, ఒక్కో చివర ఒకరు. ఒకరే రెండు చివరలూ చూస్తానంటే రెండూ చూడలేరు.

ఐదుగురి మాట 1993లో నీల్సన్, లాండవర్ల లెక్క నుంచి వచ్చింది. ఒక సమస్య ఒక వాడకందారుకు ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే, ఐదుగురితో దాదాపు 84 శాతం సమస్యలు కనబడతాయి. కానీ పదిమందిలో ఒకరికే వచ్చే సమస్య ఐదుగురిలో కనబడే అవకాశం 41 శాతమే. అలాంటిది 80 శాతం ధీమాతో పట్టుకోవాలంటే 16 మంది కావాలి. పైగా ఆ లెక్క ఒకే రకం వాడకందారులకు. మీ దగ్గర అమెరికా కుటుంబాలు, గల్ఫ్ కుటుంబాలు రెండు వేర్వేరు రకాలు. ఐదు కుటుంబాలు చొప్పున రెండు గుంపులు, మధ్యలో సరిచేసుకోవడానికి వారం విరామం పెట్టండి. పదీ ఒక్కసారే చేస్తే మొదటి కుటుంబంలోనే కనబడిన తప్పును మిగతా తొమ్మిదింటిలోనూ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

టాస్కులు పది వద్దు. డెబ్బై దాటినవాళ్లకు 45 నిమిషాలు, ఐదారు టాస్కులు హద్దు.

పతంగి_పాతబస్తీ

మనుషుల్ని తెచ్చుడు గురించి నేను చెప్త. ముసలోళ్లను మాదాపూర్ రప్పిస్తే ఏమైతదంటే, ఏసీ గదిల కూసొని, చాయ్ తాగి, "మంచిగుంది బిడ్డా" అని పోతరు. ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్, మెహిదీపట్నం, వాళ్లుండే కాడికి మీరే పోవాలె. ఆడ వైఫై రౌటర్ హాల్ల ఉంటది, ఫోన్ మాట్లాడేది బెడ్‌రూంలనో వంటింట్లనో. నడుమ రెండు గోడలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటినంక బాగ పడిపోతది, ఫోన్ 2.4కు దుంకుతది, ఆ దుంకుడుల కాల్ ఆగుతది. మీటింగ్ రూంల ఇది కనబడనే కనబడదు.

ముందుగాల ఫోన్ల అడగాల్సిన ప్రశ్నలు: ఏ ఫోన్, ఎంత ర్యామ్, యాప్‌లు ఎవరు ఎక్కించి ఇస్తరు, వీడియో కాల్ వాళ్లే చేస్తరా, వచ్చింది ఎత్తుడేనా. ఈ ఆఖరిది ముఖ్యం. ఎత్తుడే తప్ప చేసుడు తెలువనోళ్లు సగం మందన్న ఉండాలె మీ లెక్కల. లేకుంటే అందరు చురుకైనోళ్లే వస్తరు.

ఇంకొకటి: పాతబస్తీ వైపు పోతే ఉర్దూ మాట్లాడే మోడరేటర్ కావాలె. ఇచ్చే పైసలు అటు చివరోళ్లకు కూడా ఇయ్యాలె. కొడుకు గంట సేపు లీవు పెట్టి కూసుంటే, తల్లికి మాత్రం ఇచ్చి ఆయనకు దండం పెడితే మల్లోసారి రాడు. సాయంత్రం ఏడు నుంచి పది దాక పెట్టకుండ్రి, సీరియల్ టైం.

మల్లెతీగ_మాదాపూర్

ఇళ్లకు వెళ్లడం సరే. అయితే మరి రికార్డింగ్ సంగతి? రెండు చివరలూ, రెండు తెరలూ, రెండు గొంతులూ ఎలా పట్టాలి?

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్

ఫోన్ స్క్రీన్ రికార్డర్‌ను నమ్ముకోకండి. ఆండ్రాయిడ్‌లో కాల్ యాప్ మైకు పట్టుకుని ఉన్నప్పుడు మామూలు రికార్డర్‌కి ఆ మైకు అందదు, నిశ్శబ్దమే రికార్డవుతుంది. బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. అది ఆఫీసుకి తిరిగొచ్చి ప్లే చేసేదాకా తెలియదు.

చేయాల్సింది: ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి స్క్రీన్ కాపీ (scrcpy) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరను ల్యాప్‌టాప్ మీద చూస్తూ అక్కడే రికార్డు చేయండి. డెవలపర్ ఆప్షన్స్‌లో 'షో ట్యాప్స్' ఆన్ చేస్తే వేలు ఎక్కడ పడిందో చుక్కలా కనబడుతుంది. మాటలకు విడిగా చిన్న వాయిస్ రికార్డర్, బల్ల మీద కాకుండా గుడ్డ మీద పెట్టండి. చేతుల కోసం పక్కనుంచి ఒక కెమెరా తప్పనిసరి. పెద్దవాళ్లు వీడియో కాల్‌లో కూడా ఫోన్ చెవికి ఆనిస్తారు, అటువైపు తెర నిండా చెవే. ఇది స్క్రీన్ రికార్డింగ్‌లో తెలియదు.

అటు చివర కూడా ఇంతే సరంజామా, స్క్రీన్ కాపీ మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్లకే. రెండు రికార్డింగులను కలపడానికి కాల్ మొదలయ్యాక హైదరాబాద్ వైపు మోడరేటర్ కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొడితే చాలు, కానీ ఆ చప్పట్లు అటువైపుకి ఆలస్యంగా చేరతాయని గుర్తుంచుకోండి. కచ్చితమైన సమయం కావాలంటే రెండు ల్యాప్‌టాప్‌ల గడియారాలనూ ముందే ఇంటర్నెట్ టైమ్‌తో సరిపెట్టి, రికార్డింగ్ మూల గడియారం కనబడేలా పెట్టండి.

కేబుల్ పెట్టి, ఛార్జ్ అవుతూ, వీడియో కాల్ నడుస్తుంటే చవక ఫోన్లు వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటాయి. అప్పుడొచ్చే తడబాటు యాప్‌ది కాదు, మీ కేబుల్‌ది. వేడెక్కితే ఐదు నిమిషాలు ఆపండి.

ఇంకో సంగతి, ఆఫీసులో రిహార్సల్ చేసేటప్పుడు రెండు ఫోన్లూ ఒకే గదిలో పెట్టకండి. ఎకో క్యాన్సిలర్ (ప్రతిధ్వని తీసేసేది) తన ఫోన్ స్పీకర్ శబ్దాన్నే తీసేయగలదు, పక్క ఫోన్ శబ్దాన్ని కాదు. కీచుమని ఊళ పెడుతుంది. మధ్యలో తలుపున్న రెండు గదులు కావాలి. అద్దాల పార్టిషన్ చాలదు.

ప్యాకెట్_పంతులు

నెట్‌వర్క్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ వేసినా ఒక వైపుకి 65 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా ఉండవు. రౌటర్లు, వైఫై, జిట్టర్ (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గులు) సర్దే బఫర్, కెమెరా, డీకోడర్ అన్నీ కలిసి ఒక వైపు ఆలస్యం 200 నుంచి 300 దాకా సులభంగా పోతుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫార్సు ప్రకారం ఒక వైపు 150 లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది లేదు, 400 దాటకూడదు. అంటే మీ కుటుంబాలు ఎప్పుడూ ఆ మధ్యలోనే మాట్లాడుకుంటాయి. ఇద్దరూ ఒకేసారి మాట మొదలెట్టి, ఇద్దరూ ఆగి, "నువ్వు చెప్పు", "లేదు నువ్వు చెప్పు" అనుకోవడానికి కారణం ఇదే. ఆఫీసులో పక్క గదికి చేసే కాల్‌లో ఇది రాదు.

ఆఫీసులో దీన్ని తేవాలంటే రెండు దారులు. ఒకటి, లైనక్స్ పెట్టెకు రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి వైఫైకి ముందు రౌటర్‌లా కూర్చోబెట్టడం, అందులో నెట్‌ఎమ్ అనే లైనక్స్ పనిముట్టుతో ఆలస్యం, జిట్టర్, నష్టం (దారిలో ప్యాకెట్లు పోవడం) కలపడం. నెట్‌ఎమ్ బయటికి పోయే ట్రాఫిక్‌కే పనిచేస్తుంది, అందుకే రెండు కార్డుల మీదా విడివిడిగా పెట్టాలి. ఒక్కదానికే పెట్టి రెండు వైపులా అయిందనుకుంటే మీ అంకెలన్నీ సగమే. మొదటి సెట్టింగ్‌గా 200 మిల్లీసెకన్ల ఆలస్యం, 30 జిట్టర్, 1 శాతం నష్టం చాలు. తర్వాత 3 శాతం. నష్టం విడివిడిగా కాకుండా గుత్తులుగా రావాలి, అసలు మొబైల్ నెట్‌వర్క్‌లో అలాగే పోతాయి. నెట్‌ఎమ్‌లో అలా గుత్తులుగా పోగొట్టే గిల్బర్ట్-ఇలియట్ మోడల్ ఉంది, అది వాడండి. రెండో దారి, టర్న్ సర్వర్ (కాల్‌ను మధ్యలో అందుకుని అవతలికి పంపే రిలే) అమెరికాలో పెట్టి, యాప్‌ను రిలే మీదుగానే పొమ్మని బలవంతం చేయడం. అప్పుడు పక్క గదికి పోయే మాట కూడా సముద్రం దాటి వెళ్లి తిరిగొస్తుంది. ఇది సులువు, కానీ ఆలస్యం మీ చేతిలో ఉండదు.

ఆలస్యం కొలవడం: ల్యాప్‌టాప్‌లో స్టాప్‌వాచ్ నడపండి. ఒకటో ఫోన్ కెమెరా దాన్ని చూస్తుండాలి. రెండో ఫోన్ తెరనూ ల్యాప్‌టాప్ తెరనూ కలిపి మూడో ఫోన్‌తో వీడియో తీయండి. ఆపి చూసి రెండు అంకెల తేడా తీస్తే అదే తెర నుంచి తెరకు ఆలస్యం. ఒకే గదిలో కాబట్టి రెండింటి మైకులూ మ్యూట్ చేయండి. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్ అయితే 17 మిల్లీసెకన్ల కంటే సూక్ష్మంగా రాదు, అంత అక్కర్లేదు కూడా.

డేటా: ఒక వైపుకి 1 ఎంబీపీఎస్ చొప్పున గంట మాట్లాడితే 450 ఎంబీ, రెండు వైపులా 900 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌లో తాతయ్య పొద్దున్న వీడియోలు చూశాక మిగిలేది ఎంత? కోటా అయిపోయాక సాధారణంగా 64 కేబీపీఎస్‌కి దించుతారు. ఆ వేగంలో వీడియో పోవాలి, మాట బతకాలి. మాటను కుదించే ఓపస్ కోడెక్‌ను 24 కేబీపీఎస్‌లో పెట్టినా 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున హెడర్లే (ప్యాకెట్ మీది చిరునామా వివరాలే) ఇంకో 20 కేబీపీఎస్ తింటాయి, మొత్తం 44. ఇరుగ్గా పడుతుంది. ప్యాకెట్‌ను 60 మిల్లీసెకన్లు చేస్తే హెడర్ ఖర్చు మూడో వంతుకి దిగుతుంది. టెస్ట్‌లో చూడాల్సింది మాత్రం ఇంకొకటి: వీడియో ఆగిపోయినప్పుడు తెర మీద ఏం కనబడుతోంది? బొమ్మ బిగుసుకుని ఉంటే పెద్దవాళ్లు కాల్ పోయిందనుకుని పెట్టేస్తారు, మాట వినబడుతున్నా సరే.

మల్లెతీగ_మాదాపూర్

పంతులుగారూ, నెట్‌వర్క్ పాడుచేస్తే మనిషికి యాప్ కష్టమైందో నెట్ కష్టమైందో ఎలా వేరుచేయాలి?

ప్యాకెట్_పంతులు

మొదటి మూడు టాస్కులు శుభ్రమైన నెట్‌లో, తర్వాతవి చెడగొట్టిన నెట్‌లో. మార్చేది ల్యాప్‌టాప్ దగ్గరున్నవాళ్లు, మోడరేటర్‌కు కూడా చెప్పకుండా. చెబితే మొహంలో తెలిసిపోతుంది. ఇంట్లో అయితే ఇంకా సులువు: కాల్ నడుస్తుండగా వైఫై రౌటర్ ప్లగ్ పీకండి, కరెంటు పోయినట్టు. ఫోన్ 4జీకి మారి మాట మళ్లీ రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఆలోపు ఎవరు పెట్టేశారు, ఎవరు తిరిగి చేశారు అన్నది రాయండి. ఇద్దరూ ఒకేసారి తిరిగి చేస్తే ఇద్దరికీ 'బిజీ' వస్తుందా అన్నది తప్పకుండా చూడాలి. చాలా యాప్‌లు ఇక్కడే బోల్తా పడతాయి. సరైన పద్ధతి రెండు కాల్స్‌నూ కలిపేసి ఒకటి చేయడం.

గాజుతెర

ఇల్లు ఇచ్చినవాళ్లకు ప్లగ్ పీకుతామని ముందే చెప్పి, కాల్ తర్వాత కూడా రౌటర్ మామూలుగా పనిచేస్తోందని చూసి బయల్దేరండి. ఇది మర్యాద.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్

మోగడం గురించి. అసలు వీడియో కాల్ యాప్‌లో మొదటి టాస్క్ మాట్లాడటం కాదు, ఫోన్ మోగడం. యాప్ తెరిచి ఉంచి టెస్ట్ చేస్తే ఎప్పుడూ మోగుతుంది. తెర ఆరి, ఛార్జింగ్ లేకుండా, కదలకుండా కొన్ని గంటలు పడి ఉన్న ఫోన్‌కి చేసి చూడండి. డోజ్ మోడ్‌లో (బ్యాటరీ ఆదా చేసే నిద్రలో) ఉంటుంది, హై ప్రయారిటీ పుష్ (ఫోన్‌ను లేపే అత్యవసర సందేశం) పంపకపోతే కాల్ ఆలస్యంగా వస్తుంది లేదా రాదు. కొన్ని కంపెనీల ఫోన్లు దీనికి మించి, వాడని యాప్‌ను పూర్తిగా చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆటోస్టార్ట్ విడిగా ఇవ్వాలి. ల్యాబ్‌లో తొందరగా చూడాలంటే ఏడీబీ ఆదేశంతో (కంప్యూటర్ నుంచి ఇచ్చేది) ఫోన్‌ను డోజ్‌లోకి నెట్టొచ్చు.

ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి అనుమతి అడగాలి. 14 నుంచి తెర నిండా కాల్ చూపించే అనుమతి కాల్, అలారం యాప్‌లకే. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే అనుమతికి రెండుసార్లు వద్దంటే ఇక ఆ ప్రశ్న మళ్లీ రాదు. పెద్దవాళ్లు అర్థంకాని పెట్టె ఏది వచ్చినా వద్దనే నొక్కుతారు, అది తెలివైన పనే. ఆ తర్వాత కెమెరా ఎందుకు నల్లగా ఉందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఒక టాస్క్ ఇలా పెట్టండి: కెమెరా అనుమతి ముందే రెండుసార్లు నిరాకరించి ఉన్న ఫోన్ ఇచ్చి, అటు చివరవాళ్ల సాయంతో బాగుచేసుకోమనండి. మీ యాప్ సెట్టింగ్స్ పేజీకి తిన్నగా తీసుకెళ్లకపోతే ఎవరూ గట్టెక్కరు.

యాప్‌ను ఫైల్‌గా వాట్సాప్‌లో పంపి ఎక్కించకండి. తెలియని యాప్ అన్న హెచ్చరికలతో మొదటి అనుభవం చెడుతుంది. ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్‌లో వంద మంది వరకు ఇవ్వొచ్చు. ఫోన్ రకాలు ఎక్కువ కావాలంటే ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో 2, 3 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌వి తెచ్చుకోండి. అవి టీమ్ పరీక్షలకే. కుటుంబాలకు మాత్రం వాళ్ల ఫోన్లే.

పతంగి_పాతబస్తీ

మోగుడు అన్నరు కాబట్టి: ఎంత సేపు మోగుతదో కూడా చూడుండ్రి. ఫోన్ లోపల అల్మారా మీద ఉంటది, ముసలామె హాల్ల ఉంటది. లేసి, నడిచి, కళ్లద్దాలు దొరికించుకొని వచ్చేసరికి 30 సెకన్లు ఉత్తగనే అయితయి. టాస్క్ ఇచ్చేటప్పుడు ఫోన్ చేతుల పెట్టకుండ్రి. ఇంకో గదిల పెట్టి ఇటు ముచ్చట్ల పెట్టుండ్రి, అప్పుడు చేయించుండ్రి.

వత్తుల_సుబ్బులు

కన్ను, చెవి, వేలు గురించి నా వంతు.

ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ ఫోన్‌లో గరిష్ఠానికి పెట్టి ప్రతి తెరా చూడండి. పెద్దవాళ్ల ఫోన్లు అలాగే ఉంటాయి. ఆండ్రాయిడ్ 14లో అక్షరాలు 200 శాతం దాకా పెరుగుతాయి. ఇంగ్లిష్‌కి కొలిచిన వరస ఎత్తులో తెలుగు పెడితే పైన గుడి, కింద వత్తు కోసుకుపోతాయి. 'లక్ష్మీనరసింహం', 'కృష్ణవేణమ్మ', 'అమెరికా పెద్దబ్బాయి' అని కాంటాక్టులు పెట్టి చూడండి. మొదటి రెంటిలో వత్తులు తెగుతాయి, మూడోదానిలో 'అమెరికా పె...' దగ్గర ఆగి పెద్దబ్బాయో పెద్దమ్మాయో తెలియకుండా పోతుంది. వరస ఎత్తు అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచితే ఇబ్బంది తగ్గుతుంది. అసలు పేరు కంటే ఫొటో పెద్దగా ఉండాలి.

బటన్ కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలమానం), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. కాల్ ఎత్తే బటన్ దానికి రెండింతలున్నా తప్పులేదు. పైకి తోసి ఎత్తడం అనే పద్ధతి పెద్దవాళ్లకు పెద్ద అడ్డంకి. పొడి వేళ్లతో తెర మీద జారదు, మధ్యలో తెగుతుంది. ఇంకా, వాళ్లు గట్టిగా, నిదానంగా నొక్కుతారు. అర సెకను దాటితే ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది, బటన్ పనిచేయదు, ఇంకా గట్టిగా నొక్కుతారు. ముఖ్యమైన బటన్లు ఎంత సేపు నొక్కినా ఒకటే పని చేయాలి.

వయసుతో పోయేది ముందుగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ వినికిడి. సన్నగా కీచుమనే రింగ్‌టోన్ వద్దు, 500 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఉన్నది మేలు. వినికిడి యంత్రం బ్లూటూత్‌కి కలిసి ఉంటే మాట అటే పోతుంది, పక్కన కూర్చున్న తాతయ్యకు వినబడదు. మాట స్పీకర్‌కి పోతోందా యంత్రానికా అన్నది తెర మీద తెలియాలి.

రంగు: అక్షరానికీ వెనక రంగుకీ తేడా 4.5:1 కనీసం. వీడియో మీదే తెల్ల అక్షరాలు పెడితే తెల్ల చొక్కా వేసుకున్నవాళ్ల మీద ఏమీ కనబడదు, వెనక నల్ల పట్టీ వేయండి.

మల్లెతీగ_మాదాపూర్

సుబ్బులుగారూ, శబ్దం గురించి ఇంకొంచెం చెప్పండి. మా నాయిస్ సప్రెషన్ (రొద తీసేసే సదుపాయం) మీద టీమ్‌లో గొడవ ఉంది.

వత్తుల_సుబ్బులు

అది మన ఇళ్లల్లో పరీక్షించాల్సిందే. సీలింగ్ ఫ్యాన్ ఎడతెగకుండా ఒకేలా ఉంటుంది, దాన్ని సులువుగా తీసేస్తుంది. కుక్కర్ విజిల్ హఠాత్తుగా వస్తుంది, తీయలేదు. ఆ క్షణంలో మాట కూడా మింగేస్తుంది. గొడవ ఎక్కడంటే, ఒకే శ్రుతిలో సాగే శబ్దాన్నంతా అది రొద అనుకుంటుంది. అమ్మమ్మ జోలపాట రాగం తీస్తే మధ్యలో పోతుంది. పూజ గంట 'టింగ్' మని మొదలై వెంటనే చచ్చిపోతుంది. పండగ రోజు హారతి చూపించడం ఈ కాల్స్‌లో మామూలు విషయం కదా. టాస్క్‌గా పెట్టండి: ఫ్యాన్ నడుస్తుండగా ఇటు నుంచి పాట పాడించి, అటు పిల్ల ఆ వరస తిరిగి చెప్పగలదా చూడండి. సప్రెషన్ ఆన్, ఆఫ్ రెండుసార్లు. ఏది నయమో కుటుంబమే తేలుస్తుంది, మీ టీమ్ గొడవ తీరుతుంది.

ఉడతాభక్తి

చిన్నపిల్లల భాగం. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్లు వద్దన్న అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ 2016లో వీడియో కాల్‌ను మాత్రం మినహాయించింది, అందుకే అటు చివర ఏడాది పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు టాస్క్ ఇవ్వలేరు. చూడాల్సింది తల్లి చేతులు: ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో ఫోన్. బొటనవేలు చేరే చోట కెమెరా తిప్పే బటన్ ఉందా? కాల్ పెట్టేసే బటన్ దానికి ఎంత దూరం?

మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 15 నిమిషాలు, అంతే. టాస్క్ ఆటలా ఉండాలి: "తాతయ్యకి నీ బొమ్మ చూపించు." కెమెరాకి మరీ దగ్గరగా పెడతారు, ఫోకస్ పోతుంది. ఎర్ర బటన్ చూస్తే నొక్కుతారు, అది ఎర్రగా మెరుస్తుంది కాబట్టి. దానికి 'నిజంగా పెట్టేయాలా' అని అడిగితే పిల్లలకు అడ్డు పడుతుంది గానీ తాతయ్యకు విసుగు. పిల్లల మోడ్‌లోనే అడగాలి. హోమ్‌కి వెళ్లిపోతే కాల్ చిన్న కిటికీలో మిగులుతుందా, దాన్ని పిల్ల తోసేస్తే ఏమవుతుంది, ఇవి విడిగా రాసుకోండి.

ఐదు మొహాల స్మైలీ స్కేల్ చిన్నపిల్లలకు వాడకండి, అందరూ పెద్ద నవ్వునే ఎంచుకుంటారు. 'మళ్లీ ఆడతావా' అన్న ఎగైన్-ఎగైన్ పట్టిక నయం: అవును, ఏమో, వద్దు.

సముద్రమవతల

అటు చివర మోడరేషన్ గురించి. హైదరాబాద్ రాత్రి 7:30 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. పతంగిగారి సీరియల్ నియమం పాటించాలంటే శని, ఆదివారాల్లో హైదరాబాద్ సాయంత్రం 5:30కి పెట్టండి, అటు ఎనిమిదో, ఏడో అవుతుంది, పిల్లలు లేచి ఉంటారు. కాలిఫోర్నియాకి అది కుదరదు. హైదరాబాద్ ఆదివారం ఉదయం 8 అంటే అక్కడ శనివారం రాత్రి 7:30, చలికాలంలో 6:30. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారాలు మారతాయి, ఆ వారాల్లో సెషన్లు పెడితే ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు. మీ యాప్‌లో కాల్ షెడ్యూల్ చేసే సదుపాయం ఉంటే మాత్రం కావాలనే ఆ వారంలో ఒకటి పెట్టండి.

గల్ఫ్ వేరే లోకం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కి అనుమతి ఉన్న యాప్‌లే పనిచేస్తాయి. వాట్సాప్ కాల్స్ కూడా అక్కడ మామూలుగా నడవవు. మీ యాప్ అక్కడ అసలు కలుస్తుందా అన్నది తేలకుండా దుబాయ్ కుటుంబాన్ని ఎంచుకోకండి. కలవనప్పుడు యాప్ ఏం చెబుతుందన్నదే అక్కడి టెస్ట్: ఊరికే 'కనెక్ట్ అవుతోంది' అని తిరుగుతూ ఉంటే ఇటు భార్య అతను ఎత్తడం లేదనుకుంటుంది. వీపీఎన్‌తో చేయించకండి, అది ఆ కార్మికుడికే ప్రమాదం.

కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వెళ్లి లేబర్ క్యాంపుల్లో ఉండేవాళ్లు ఒకే గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు, మాట గుసగుసగా ఉంటుంది, వెనక ఇంకొకరు బట్టలు మార్చుకుంటూ ఉండొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఇక్కడ అలంకారం కాదు, అవసరం. చవక ఫోన్‌లో బ్లర్ పెడితే ఫ్రేములు ఎంత తగ్గుతాయో ముందే కొలవండి.

గాజుతెర

అనుమతి పత్రాలు: 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం నోటీసును ఇంగ్లిష్‌లోనో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లోనో చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలి. తాతయ్య సంతకం చాలదు. అటు కాలిఫోర్నియా అయితే కాల్‌లో ఉన్న అందరి ఒప్పుకోలూ లేకుండా రికార్డు చేయకూడదు. కాల్ మధ్యలో పక్కింటావిడ వచ్చి ఫ్రేమ్‌లో కూర్చుంటుంది, ఖాయం. ఆవిడను అడగండి, లేదా ఆ ముక్క చెరిపేయండి.

ఇక ఎస్‌యూఎస్. జాన్ బ్రూక్ 1986లో చేసిన పది వాక్యాలవి. బేసి వాక్యాల మార్కు నుంచి 1 తీసి, సరి వాక్యాలకు 5 నుంచి మార్కు తీసి, మొత్తాన్ని 2.5తో గుణిస్తే 0 నుంచి 100. సగటు 68. చిక్కేమిటంటే ఒక వాక్యం మెచ్చుకోలు, తర్వాతది ఫిర్యాదు. పెద్దవాళ్లు అన్నిటికీ 'అవును' అంటారు, మీ ముందు యాప్‌ను తిట్టడం మర్యాద కాదనుకుంటారు. ప్రతి టాస్క్ కాగానే 'ఇది చేయడం ఎంత సులువు' అని ఏడు మెట్ల ఒక్క ప్రశ్న అడగండి. అటు చివరవాళ్లకు కావాలంటే ఎస్‌యూఎస్ ఇవ్వండి.

పైకి ఆలోచిస్తూ మాట్లాడమని అడగకండి, కాల్‌లో ఉన్నవాళ్లు ఎవరితో మాట్లాడాలి? కాల్ అయ్యాక రికార్డింగ్ చూపిస్తూ "ఇక్కడ ఆగారు కదండీ, ఏమనుకున్నారు?" అంటే చెబుతారు. అసలు కొలత ఇంకోటి ఉంది: రెండు చివరలా కలిపి 'హలో', 'వినబడుతోందా', 'కనబడుతున్నానా', 'ఏంటీ?' అన్న మాటలు నిమిషానికి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మొదటి నిమిషాన్ని విడిగా లెక్కించండి, అది అలవాటు. ఆ తర్వాత వచ్చే ప్రతి 'హలో'కూ టైమ్ రాసి అటు తెరలో ఆ క్షణం ఏమైందో చూడండి. టాస్క్ ఫలితాలు మూడే: సొంతంగా, అటు చివర సాయంతో, మోడరేటర్ సాయంతో. ఈ యాప్‌కి రెండోది కూడా విజయమే, దానికి పట్టిన సమయం మాత్రం రాయండి.

పతంగి_పాతబస్తీ

'అటు చివర సాయం'ల మనవడు పక్కన కూసొని చూపించుడు కూడా కలుపుతరా?

గాజుతెర

కలపను. పక్కింటి కుర్రాడు, మనవడు, వాచ్‌మన్, ఎవరైనా ఇటు గదిలో ఉన్నవాళ్ల సాయం నాలుగో గడి. చాలా ఇళ్లలో అదే అసలు సపోర్ట్ వ్యవస్థ, అందుకే దాన్ని ఆపకండి, విడిగా రాయండి. అయితే ఒక్క టాస్కులో మాత్రం అతన్ని చాయ్ తెమ్మని బయటికి పంపండి.

మల్లెతీగ_మాదాపూర్

ఇంటి సెషన్‌కి ఇద్దరు వెళ్తే సరిపోతుందా? ల్యాప్‌టాప్, కెమెరా, రికార్డర్, రౌటర్ ప్లగ్, ఇన్ని చూసుకోవాలి కదా.

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్

ఇద్దరే. మూడో మనిషి వస్తే ఇంటావిడ వంటింట్లోకి వెళ్లి టిఫిన్ మొదలెడుతుంది, మీ 45 నిమిషాల్లో ఇరవై అక్కడే. ఒకరు ల్యాప్‌టాప్‌తో పక్కన కూర్చోవాలి, ఇంకొకరు హాల్లో రౌటర్ దగ్గర. ఎక్స్‌టెన్షన్ బాక్సు, పవర్ బ్యాంకు, రెండు మీటర్ల కేబుల్ మీరే తీసుకెళ్లండి. మీటరు కేబుల్ అయితే ఆవిడ ఫోన్ చెవికెత్తగానే పోర్టులోంచి ఊడిపోతుంది, రికార్డింగ్ అక్కడితో ఆగుతుంది.